జబ్బుకు ఇంటిపేరు లేదు

రక్తపోటు చూసే పట్టీలోంచి గాలి జారిపోయే ఆ సన్నని బుస ఏ మందుల దుకాణంలో వినిపించినా నాకు సువార్తమ్మ గారు గుర్తొస్తారు. మిషను ఆసుపత్రిలో ముప్పై ఏళ్ళు నర్సుగా చేసి, రిటైరయ్యాక మా ఊళ్ళో స్థిరపడ్డ మనిషి. ఎనభైల మొదట్లో నేను పత్తి మిల్లులో బేళ్ళ మీద నంబర్లు వేసేవాణ్ణి. పదో తరగతితో చదువు ఆగినా, సాయంత్రాలు శాఖా గ్రంథాలయం తలుపులు మూసేదాకా చదువుతూ కూర్చునేవాణ్ణి. ఆవిడా పేపరు కోసం అక్కడికే వచ్చేవారు.

మా ఇంట్లో మగవాళ్ళు యాభై చూడలేదు. తాతయ్య, నాన్న, చిన్నాన్న ముగ్గురూ ముఖం ఉబ్బి, కాళ్ళు వాచి చనిపోయారు. మిరప పండించే ఊరు కదా, కారమే కొంప ముంచిందనేవారు అందరూ. మా అన్నయ్య కోటయ్యకు ముప్పై ఎనిమిదో ఏట తలనొప్పులు మొదలయ్యాయి. సువార్తమ్మ గారు చూసి రక్తపోటు బాగా ఎక్కువుందన్నారు. డాక్టరు మాత్రలు రాశాడు. అన్నయ్య మాత్రలు గూట్లో పెట్టి, కారం మానేశాడు. మా వైపు అంతకన్నా త్యాగం ఏముంటుంది! చప్పిడి కూడు దిగక ఉప్పు మాత్రం రెండింతలు కలుపుకున్నాడు.

"కారం కాదయ్యా, ఆ ఉప్పు తగ్గించు. మాత్ర వేసుకో" అన్నారావిడ.

"నాకేం నొప్పి లేదు గదండీ. మొదలెడితే జీవితాంతం మింగాలంటగా!"

"జీవితం కాస్త పొడుగ్గా ఉండాలనేగా మింగమంటుంది!"

అన్నయ్యను పోగొట్టుకోకూడదని నేను పట్టుబట్టాను. శరీర శాస్త్రం పుస్తకం వారం రోజులు చదివాను. రక్తం సరిగా అందలేదనిపిస్తే మూత్రపిండాలు ఒక రసాయనాన్ని వదులుతాయట. దానివల్ల పుట్టే హార్మోన్లు రక్తనాళాలను బిగిస్తాయి, ఒంట్లో ఉప్పునీ నీటినీ నిలబెడతాయి. పోటు పెరుగుతుంది. ఆ పోటు మళ్ళీ మూత్రపిండాలనే అరగదీస్తుంది. కొన్ని కుటుంబాల్లో ఈ బలహీనత పుట్టుకతోనే వస్తుంది. ఇదంతా అర్థమైన గర్వంతో మా వంశంలో ఎవరికి ముప్పు ఉందో జాబితా రాసి ఆవిడకు చూపించాను.

ఆవిడ చదివి, "మీ మేనత్త పేరేదీ?" అన్నారు.

మా నాన్న చెల్లెలు వెంకమ్మత్త. అమ్మ పోయాక మా ఇద్దరినీ పెంచింది ఆవిడే.

"అత్తది పెళ్ళితో ఇంటిపేరు మారింది గదండీ. పైగా ఆడవాళ్ళను వాళ్ళ హార్మోను కాపాడుతుందని చదివాను."

"ఎన్నాళ్ళు కాపాడుతుంది?"

నేను ఆ పేజీ దాకా చదవలేదు.

"ముట్టుడిగాక ఆ కాపలా తగ్గిపోతుంది బాబూ. ఇక ఇంటిపేరంటావా, అది పెళ్ళితో మారుద్ది. రక్తం మారదు. ఆదివారం గుడిలో ప్రార్థన అయ్యాక ఇద్దర్నీ మా ఇంటికి తీసుకురా."

ఆ ఆదివారం అన్నయ్యను ఇంచుమించు ఈడ్చుకొచ్చింది అత్తే. "ముందు నువ్వు కూర్చోమ్మా" అన్నారు సువార్తమ్మ గారు.

"నాకేం రోగమండీ, గుండ్రాయిలా ఉంటేనూ! ఈడి సంగతి చూడండి" అంటూనే చెయ్యి చాపింది అత్త.

ఆవిడ రెండుసార్లు చూశారు. అన్నయ్యకన్నా అత్తకే ఎక్కువ. మర్నాడు ఆసుపత్రిలో మూత్రం పరీక్ష చేస్తే, అత్త మూత్రపిండాలు అప్పటికే చాలా దెబ్బతిన్నాయన్నారు. అన్నయ్యకు ఇంకా మొదలే.

బస్సులో అత్త అన్నయ్య వైపు తిరిగింది. "ఒరేయ్ కోటయ్యా, నేను మింగుతా. నువ్వు మానిన రోజు నేనూ మానేస్తా. ఇద్దరం ఒకే పాడె మీద పోదాం, ఖర్చు కలిసొస్తుంది."

"ఊరుకో అత్తా, నలుగురూ వింటున్నారు."

"విననీ. మింగుతావా లేదా?"

మింగాడు. రోజూ పొద్దున్నే అత్త గుమ్మంలో నిలబడి, ఆవిడ ముందే మింగాడు. అత్త నాలుగేళ్ళే ఉంది. అన్నయ్య యాభై దాటాడు, అరవై దాటాడు.

ఆ నాలుగేళ్ళు ఎక్కువయ్యేవేమో, అత్తకు రెండేళ్ళు ముందే పోటు చూపించి ఉంటే. నేను చదివింది తప్పు కాదు, సగం. అప్పట్నించీ మా బంధువుల్లో ఎవరికి పోటు ఉందన్నా, వాళ్ళను ఆసుపత్రికి తీసుకొచ్చి గోడవార నిలబడ్డ అక్కనో చెల్లెలినో ముందు పలకరిస్తాను.

"మరి నీకెప్పుడు చూశారమ్మా?"

"నాకెందుకు బాబాయ్" అంటుంది. చూపించుకునేదాకా నేను అక్కణ్ణించి కదలను.