సైరన్ దాకా ఆగిన రోకలి

కరీంనగర్ బడిలో ఇంగ్లీషు చెప్పేటప్పుడు, 'అండర్' అంటే సరిగ్గా కింద, 'బిలో' అంటే దిగువన ఎక్కడైనా అని వివరించి, మందమర్రి ముసలమ్మ కథతో పిల్లల్ని నవ్వించేవాణ్ణి. ఆ కథ నేను సగమే చెప్పాను.

ఒకసారి ఆసిఫాబాద్ బస్సు మందమర్రిలో చెడిపోతే, ఆమె వాకిట్లో కూర్చున్నాను. రోట్లో మిరపకాయలున్నాయి, ఆమె దంచడం లేదు.

"షిఫ్ట్ దిగే సైరన్ మోగనీ బిడ్డా. కింద మా ఆయనున్నడు. నెత్తిమీద దంచొద్దు."

"బొగ్గుగని ఊరవతలుంటే, మీ ఇంటి కిందికి ఎట్లొస్తడవ్వా?" అని నవ్వాను.

"పదేండ్లాయె, దిగినోడు పైకి రాలే. ఎక్కడున్నడో నాకేం ఎరుక?"

సైరన్ మోగింది. ఆమె గని నుంచి వచ్చే రోడ్డు వైపు చాలాసేపు చూసి, అప్పుడు రోకలి అందుకుంది.

ఆ చూపు గురించి పిల్లలకు ఎన్నడూ చెప్పలేదు.