చిన్న ఇండ్ల సోదా

నాకు అనుమానం ఎక్కువ. మహారాష్ట్ర అంచున ఉన్న మా అంకిసకు బస్సు టైముకు వచ్చినా ఇవాళ ఏదో జరిగిందనుకునే రకం. ఇంట్లో అందరూ దీనికి నవ్వుతారు.

రెండేళ్ల కింద నాట్లప్పుడు, సిరొంచ కాలేజీలో చదివే మా బిడ్డ సంచిలో ఒక మరాఠీ కాగితం కనబడింది. నాది ఏడో తరగతి చదువు. ‘లఘు గృహ శోధ్ మోహీమ్’ అని కూడబలుక్కున్నాను. చిన్న ఇండ్ల సోదా! శోధ్ మోహీమ్ అంటే మా వైపు పిల్లలకూ తెలుసు, నక్సలైట్ల కోసం పోలీసులు అడవిని గాలించడం. కింద నలుగురి పేర్లున్నాయి. రెండోది మా బిడ్డది.

ఈ పిల్ల ఎవరి ఇల్లు ఎవరికి చూపిస్తోంది? ఆ మాట బయటపడితే వాళ్లు బతకనిస్తారా? అడిగితే అబద్ధం చెబుతుందని నేనే తీర్మానించుకుని ఫోన్ గుంజుకున్నాను.

“నాట్లకు మనుషులు దొరుకుతలేరు. నాలుగు రోజులు కాలేజీ బంద్.”

“బాపూ, జర పోనియ్యి. ఫోటోలల్ల ఒకటి కదులుతున్నది. అది ఎటు పోతున్నదో ఎల్లుండిలోపల రాసి పంపాలె.”

ఇంకేముంది, ఆ కదిలేది మనిషే అనుకున్నాను. గడప దాటనివ్వలేదు. ఏడ్చుకుంటూనే పొలంలో నాట్లు వేసింది.

నాలుగో రోజు వాళ్ల సారు బండి మీద పొలానికే వచ్చాడు. జేబులోని కాగితం చూపించి నిలదీశాను. ఆయన నవ్వబోయి ఆగిపోయాడు.

“గృహ కాదు కాకా, గ్రహ. లఘుగ్రహ్ అంటే గ్రహశకలం. అంగారకునికి, గురునికి నడుమ తిరిగే రాళ్లు. పిల్లలు తలా కొన్ని ఫోటోలు పంచుకుని ఎతుకుతున్నరు.”

తన ఫోన్‌లో నాలుగు ఫోటోలు ఒకదాని వెనక ఒకటి చూపించాడు. చుక్కలన్నీ ఉన్నచోటే ఉన్నాయి. ఒక్కటి మాత్రం నారుమడిలో పురుగులా జరుగుతోంది. దాన్ని పట్టింది మా బిడ్డ.

“మరి పంపిన్రా?”

“లెక్క ఆమె నోటుబుక్కుల ఉండె. ఫోన్ చేస్తే బంద్ వచ్చింది. గడువు నిన్ననే అయిపోయింది. అదే చుక్కను వేరే ఊరోళ్లు పంపిన్రు.”

మా బిడ్డ బురద కాళ్లతో గట్టు మీద నిలబడి వింటోంది. సిగ్గుతో చచ్చిపోయాను.

“నాకెందుకు చెప్పలేదు బిడ్డా?”

“నువ్వు అడిగినవా బాపూ?”

ఇప్పుడు కాలేజీ నుంచి రాగానే సంచి తెచ్చి నా ముందు బోర్లిస్తుంది. “చూసుకో బాపూ” అంటుంది. నేను ఒక్కో పుస్తకం తిరిగి సంచిలో సర్దుతాను.