అక్క కాలు చాపుకునే చోట గేరు రాడ్డు

మా చిన్నప్పుడు... నాయన నడిపే పాత అంబాసిడర్‌కు గేరు రాడ్డు స్టీరింగు పక్కనే ఉండేది. ముందు సీటు ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా ఒకటే పొడుగు సీటు. కింద అంతా ఖాళీ.

ఆ ఖాళీ జాగా మా అక్కది. పసితనంలో జ్వరమొచ్చి ఆమె కుడి మోకాలు వంగకుండా పోయింది. బస్సెక్కడం ఆమె వల్ల అయ్యేది కాదు. నాయన రోజూ పాన్‌గల్ నుంచి వనపర్తికి మనుషులను తీసుకుపోయేవాడు. వెనక సీటు నిండా వాళ్లు... ముందు నాయన పక్కన అక్క, కాలు ఏటవాలుగా చాపుకుని. అట్లాగే వనపర్తి కాలేజీలో ఇంటర్ మొదటి ఏడాది పూర్తి చేసింది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో గేరుబాక్సు పాడైంది. పాతదే బాగు చేయాలంటే సామాను వెతకడానికి పదిహేను రోజులు పడుతుందన్నాడు మెకానిక్. లేదంటే అడుగు రేకు కోసి, కింది నుంచి రాడ్డు వచ్చే గేరుబాక్సు పెట్టి, ముందు విడివిడి సీట్లు వేయాలి... నాలుగు రోజుల పని.

"ఇంకా ఆ చేతిగేరు ఏందన్నా? కింది గేరు పెట్టియ్యి, బండి జోరుగ పోతది" అన్నాడు చిన్నాయన. నాయన తలూపాడు. ఎనిమిదో తరగతి చదివే నేనూ "అవు నాయినా, గదే మంచిగుంటది" అని గంతులేశాను. సిగ్గు లేకపోతే సరి!

బండి ఇంటికొచ్చింది. బీచుపల్లి ఆంజనేయస్వామి దగ్గర పూజకు బయల్దేరాం. అమ్మ టైర్ల కింద నిమ్మకాయలు పెట్టింది. చిన్నాయన కొబ్బరికాయ కొట్టాడు. అక్క ఎప్పట్లాగే ముందు కూర్చుని కాలు చాపింది... పాదం పోయి రాడ్డుకు తగిలింది. అటు జరిగింది, ఇటు జరిగింది. నాయన గేరు వేయబోతే ఆమె కాలే అడ్డం.

"ఎనక కూసో బిడ్డా, ఏమైతది?" అన్నాడు చిన్నాయన.

ఏమవుతుందట! వెనక అడ్డంగా కూర్చుంటే ఆమెకు ఇద్దరి జాగా కావాలి. పట్టుమని నెల కూడా కాలేదు... "మేమెట్ల కూసోవాలె?" అని ఎక్కినవాళ్లు గొణగడం మొదలుపెట్టారు. ఒకరోజు అక్క పుస్తకాల సంచి గోడకు తగిలించి, "నేను పోను. నాతోని అందరు పరేషాన్ అయితుండ్రు" అంది. అంతే... రెండో ఏడాది పరీక్షలు రాయలేదు. వెనక్కి మార్చుదామంటే పాత గేరుబాక్సు అప్పటికే ఇనుప సామాను కొట్టుకు పోయింది.

ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. సీటు కవర్ల రంగు నన్నడిగారు. అద్దం మీద ఏ దేవుడి బొమ్మ వేయించాలో పక్కింటాయన్నడిగారు. రోజూ ఆ బండిలో కూర్చునే మనిషిని మాత్రం ఒక్కరూ అడగలేదు. నేనూ అడగలేదు.

పోయిన ఏడాది నాయనను నిలదీశాను. "యాదికి రాలే బిడ్డా" అన్నాడు. రోజూ పక్కనే కూర్చున్న కూతురు యాదికి రాలేదట!

ఇప్పుడు గేరు మార్చే పనే లేని కార్లొచ్చాయి. ముందు సీటు ఎంత కావాలంటే అంత వెనక్కి జరుగుతుంది. నా కారులో అక్క హాయిగానే కూర్చుంటుంది... వనపర్తిలో కాలేజీ దాటేదాకా మాత్రం మాట్లాడదు.

మీ ఇంట్లో కూడా అందరినీ అడిగి, అడగాల్సిన మనిషినే వదిలేసిన రోజు ఏదైనా ఉంటే కింద రాయండి... మా అక్క అన్నీ చదువుతుంది.