ఉత్త గాలం

పంక్చర్ అంగడి సైఫుల్లా అంగడి తెరవకముందే శింగనమల అవతలి కుంటలో, తూము కింద మిగిలిన మడుగు పక్కన గొంతుకూర్చుంటాడు. తేటనీళ్ళ మీద తన నీడ పడనీయడు. బీడీ కూడా ముట్టించడు. మూడేళ్ళుగా ఈ కుంటలోని ఒక పెద్ద కొర్రమీను కోసమే ఆరాటం. కప్పను గుచ్చి వేసినా అది చూసి వెనక్కి తిరిగిపోయేది. ఈ ఎండలకు చిన్నచేపలన్నీ చచ్చిపోయాయి. ఇవాళ దారం చిక్కు తీద్దామని ఉత్త గాలం నీళ్ళలో వేస్తే, గబుక్కున మింగేసింది. లాగి చూస్తే తలకాయే పెద్దది, ఒళ్ళు చిక్కి చింతబరికెలా ఉంది.

“కడాకు పట్టినావే అన్నా!” అంది మేకలు తోలుకొచ్చిన నాగలక్ష్మమ్మ.

“నేను యాడ పట్టినానమ్మా? ఆకలికి తాళలేక అదే వచ్చిండాది.”

గాలం మెల్లగా ఊడదీసి, మడుగు నడుమకు నడిచిపోయి వదిలాడు. అక్కడ కూడా దాని వీపు మునిగేన్ని నీళ్ళు లేవు.