అంధ బాలికల బడిలో గ్రావెల్ దారి

1998 జూన్‌లో నన్ను అమలాపురం సబ్‌డివిజన్‌కు అసిస్టెంట్ ఇంజనీరుగా వేశారు. ఏఈ అంటే పని జరిగేచోట ఎండలో, వానలో నిలబడే ఇంజనీరు. పైన డీఈ, ఆ పైన ఈఈ ఉంటారు. వంతెనలూ పెద్ద రోడ్లూ మగ ఇంజనీర్లకు పంచాక మిగిలిన చిల్లర పనులు నా సెక్షన్‌కు వచ్చేవి. రాజోలు వైపు ఒక అంధ బాలికల బడిలో తోటదారి వేయడం అలా వచ్చిన పనే.

ఆ బడిలో హాస్టలుకూ తరగతి గదులకూ మధ్య కొబ్బరితోట ఉంది. గోదావరి మేట వేసిన ఒండ్రు నేల కావడంతో తొలకరి పడితే చీలమండల దాకా దిగబడిపోతుంది. పిల్లలు ఒకరి భుజం ఒకరు పట్టుకుని వరుసగా నడిచేవారు. ముందున్న పిల్ల జారితే వెనకవాళ్ళూ పడేవారు.

హెడ్మిస్ట్రెస్ మేరీరత్నం గారు. కూలి చేసుకునే ఇంట్లో పుట్టి, మిషన్ బడిలో చదివి టీచరైన మనిషి. మొదటిరోజే నాతో ఒక మాట చెప్పారు.

“సిమెంటు మాత్రం వెయ్యకండమ్మా. ఈ తడికి పాచి పట్టేస్తుందండీ. పైగా దాని మీద అడుగు చప్పుడు రాదు. మా పిల్లలు చప్పుడు బట్టే నడుస్తారు.”

అందుకని స్థిరీకరించిన గ్రావెల్‌తో అంచనా తయారుచేశాను. ఉత్త గ్రావెల్, అంటే ఎర్ర గులకమట్టి, పరిస్తే మొదటి పెద్ద వానకే కొట్టుకుపోతుంది. దానికి సున్నం కలిపి, తగుమాత్రం తడిపి, రోలరుతో అణిస్తే గట్టిగా కట్టుకుంటుంది. తడి సరిపోయిందో లేదో పిడికిట్లో నొక్కి చూస్తాం. ఉండ కట్టాలి, నీళ్ళు కారకూడదు. కోనసీమలో గ్రావెల్ దొరకదు గనక లారీలు జొన్నాడ వంతెన దాటి రావాలి. మెత్తటి మట్టి తవ్వి తీయించి, అడుగున ఇసుక పోయించి, దాని మీద గ్రావెల్‌ను రెండు పొరలుగా వేయించాను. నీరు నిలవకుండా నడుమ కొంచెం ఎత్తు, పక్కలకు వాలు ఇచ్చాం. రెండువైపులా ఇటుక అంచు, దాని అవతల కాలువ. పై పొర తడిగా ఉండగానే సన్న రాతి చిప్స్ చల్లి సగం వరకే దిగేలా రోలర్ తిప్పించాను. అడుగు వేస్తే గరగరమనాలని.

తోటదారికి ఇంత తతంగం ఎందుకని డీఈ గారు విసుక్కున్నారు గానీ సంతకం పెట్టారు.

దారి ఆరాక మొదట నడిచింది ఎస్తేరు. ఏడో తరగతి పిల్ల, బాగా పాడుతుంది. చెప్పులు విడిచి కాస్త దూరం వెళ్ళి, పాదంతో అంచు తడిమి వెనక్కి తిరిగింది. “గరగరమంటే దారండీ. ఇటుక తగిలితే ఆగిపోవాలి. అంతేనాండీ?” అంది. అంతేనన్నాను. ఆ మరుసటి వారం వెళ్ళేసరికి పిల్లలు ఎవరి భుజమూ పట్టుకోకుండా బడికి వెళ్తున్నారు.

రెండు వానాకాలాలు గడిచినా ఆ దారి చెక్కు చెదరలేదు. నా ఉద్యోగంలో నాకు పూర్తిగా నచ్చిన పని అదొక్కటే.

2000లో ఆ బడికి కొత్త భవనం కట్టారు. ప్రారంభానికి ఒక పెద్దమనిషి వస్తున్నారనగానే గ్రావెల్ మీద సిమెంటు కాంక్రీటు పోసి నున్నగా మెరిపించమని డీఈ గారు ఉత్తర్వు ఇచ్చారు. కాలువలు కూడా కనపడకూడదన్నారు. నేను అభ్యంతరం రాసి తీసుకెళ్ళాను. ఆయన చదవలేదు.

“ఆ వచ్చే పెద్దాయన చెప్పులకి ఎర్రమట్టి అంటితే మీరొచ్చి తుడుస్తారేంటండీ?” అన్నారు.

నేను ఒప్పుకోకపోవడంతో ఆ పని పక్క సెక్షన్ ఏఈకి అప్పగించారు. మేరీరత్నం గారు ఈఈ గారిదాకా వెళ్ళి వచ్చారు. ఆయన కుర్చీ వేయించి, టీ ఇప్పించి పంపేశారట. పెద్దమనిషి వచ్చారు, గొడుగు కింద ఆ దారిలో నడిచారు, బాగుందని మెచ్చుకున్నారు. మళ్ళీ ఎప్పుడూ రాలేదు.

తర్వాతి వానాకాలానికి కాంక్రీటు పచ్చబడింది. నీరు పోయే దారి లేక దాని మీదే నిలిచేది. ఒక ఉదయం ప్రార్థనకు వెళ్తూ ఎస్తేరు జారిపడింది. మోకాలి చిప్ప పగిలింది. పైఅధికారులు వివరణ అడిగితే, పిల్ల పరిగెత్తడం వల్ల పడిందని డీఈ గారు రాసి పంపారు. విచారణ అక్కడితో ముగిసింది.

కాకినాడ ఆసుపత్రిలో చూడటానికి వెళ్ళాను. మేరీరత్నం గారు ఆ పిల్ల తల దువ్వుతున్నారు. నా గొంతు గుర్తుపట్టి ఎస్తేరే అడిగింది.

“నేను పరిగెత్తేనని రాసేరటండీ?”

“ఆయ్, రాసేరమ్మా,” అన్నారు మేరీరత్నం గారు, నా బదులు.

“ఆ సిమెంటు మీద మేమెవ్వరం పరిగెత్తమండీ. మీరేసిన దాని మీద పరిగెత్తేవాళ్ళం.”

ఆ మోకాలు మళ్ళీ పూర్తిగా వంగలేదు. మఠం వేసుకుని కూర్చోలేక, పది పూర్తయ్యాక వెళ్ళాల్సిన సంగీత కళాశాలకు ఎస్తేరు వెళ్ళలేదు.

కాంక్రీటు పగలగొట్టి పాత దారి బయటికి తీయడానికి అంచనా పంపాను. మంచి స్థితిలో ఉన్న పనిని పగలగొట్టడానికి నిధులు ఇవ్వడం కుదరదని తిప్పి పంపారు. డీఈ గారికి ప్రమోషన్ వచ్చింది. నన్ను బదిలీ చేశారు.

ప్రభుత్వ పనిలో ఒక దారి బాగుందో లేదో తేల్చేది దాని మీద రోజూ నడిచేవాళ్ళు కారు, ఒక్కసారి నడిచి వెళ్ళిపోయేవాళ్ళు. రిటైరయ్యేదాకా ఇందుకు భిన్నంగా జరిగిన పని నేను చూడలేదు.