శౌరప్ప మామ, పేరు లేని ఆదివారాలు

శౌరప్ప ఉపదేశి ప్రభువునందు నిద్రించారన్న వార్త నాకు హిందూపురం బస్టాండులో తెలిసింది. బెంగళూరు బస్సుల హోరులో మా ఆవిడ గొంతు ఫోనులో రెండుసార్లు తెగిపోయి, మూడోసారి నిలకడగా వినిపించింది. ధర్మవరం ఆసుపత్రిలో పొద్దున్నే కన్నుమూశారట. మంచం పట్టి మూడు నెలలైంది కనుక ఇది ఊహించని మరణమేమీ కాదు. అయినా పెనుకొండ బస్సు నా కళ్ళ ముందే వెళ్ళిపోతుంటే చూస్తూ నిలబడిపోయాను. ఆయనకు చెప్పవలసిన మాట ఒకటి నా దగ్గరే ఉండిపోయింది. ఇక దాన్ని ఎవరికి చెప్పను?

పెనుకొండ కొండ కింద ఉన్న మా చిన్న గుడికి ఆయన నలభై ఏళ్ళు ఉపదేశి. ఫాదర్ గారు నెలకు రెండు ఆదివారాలే రాగలరు. మిగిలిన ఆదివారాల ప్రార్థన నడపడం, పిల్లలకు జపాలు నేర్పడం, పెళ్ళికి ముందు జంటలను మందలించడం, సమాధి దగ్గర చివరి మాట పలకడం అన్నీ ఆయన బాధ్యతలే. వరుసకు నాకు మామ. శిలువ గుర్తు వేసుకోవడం ఆయన నా చేయి పట్టి నేర్పిందే. నేను బడిపంతులునయ్యాక మాత్రం ‘అయివారప్పా’ అని పిలిచి ఏడిపించేవారు.

ఆయన అసాధారణ ప్రజ్ఞ అంతా పేర్లలో ఉండేది. నవంబరులో మృతుల పండుగనాడు సమాధుల మధ్య నిలబడి, కాగితం లేకుండా, అక్కడ విశ్రమిస్తున్న ప్రతి ఒక్కరినీ పేరుపేరునా స్మరించేవారు. నా అన్నవాళ్ళు లేకుండా చనిపోయినవాళ్ళు, పేరు పెట్టిన మర్నాడే పోయిన పసికందులు కూడా ఆ స్మరణలో ఉండేవారు. తొంభైల్లో ఒక ఏడాది నేను ఉత్సాహపడి ఆ పేర్లన్నీ టైపు చేయించి తెచ్చాను. మామ నవ్వి, మడిచి, బైబిల్లో పెట్టుకున్నారు. తెరవలేదు. “కాగితం జూసి పిల్చినామనుకో, మనం మర్చిపోయినామని వాళ్లకి తెలిసిపోతాది” అన్నారు.

ఈ ఏప్రిల్లో రోమాపురిలో జగద్గురువులు దివంగతులయ్యారు. ఇరవై ఆరేళ్ళ పాలన ఆయనది. నా పెళ్ళి, నా పిల్లల జ్ఞానస్నానాలు అన్నీ ఆ కాలంలోనే. పోపుగారంటే నాకు ఆ ముఖమే. ప్రతి ఆదివారం ప్రార్థనలో ముందు జగద్గురువుల పేరు, తరువాత బిషప్పు గారి పేరు పలుకుతాం. కొత్తవారు ఎన్నికయ్యేదాకా ఆ మొదటి చోట పలకడానికి పేరుండదు. దాన్ని వదిలి నేరుగా బిషప్పు గారి పేరుకు వెళ్ళమని ఫాదర్ గారు కబురు పంపారు. మామ ఆ చోటును వదలలేదు. అక్కడికి వచ్చి ఆగేవారు. ఒక పేరు పలకడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు మౌనం పాటించి, తరువాతే ముందుకు పోయేవారు. మరచిపోయారేమోనని జనం తలలెత్తి చూశారు. బయటికి వచ్చాక నేను అడిగాను.

“కుర్చీ ఖాళీగా ఉండాది గదప్పా. ఏమీ కానట్టు దాటిపోతే ఎట్ల? ఆడ రోంచేపు నిలబడల్ల” అన్నారు.

కొత్త జగద్గురువుల ఎన్నికను టీవీలో చూశాను. అక్కడి పెద్ద గుడి ముందు మైదానమంతా జనం, కేరింతలు. నాకు మాత్రం గుబులు పుట్టింది. నిన్నటిదాకా ఒకరికిచ్చిన విధేయతను ఒక్క పూటలో మరొకరికి మార్చి ఇవ్వగలిగితే, అసలది విధేయతేనా? ఆ కొత్త ముఖం మీద నాకు ప్రేమ పుట్టలేదు. పుట్టనందుకు భయం వేసింది, అది పాపమేమోనని బెంగ కూడా. పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనంలో ఫాదర్ గారితో సైతం చెప్పలేకపోయాను. దానికి బదులు కొత్త పేరును పెద్ద పెద్ద అక్షరాల్లో రాసి మామ పుస్తకంలో అంటించాను.

ఆ ఆదివారం మామ ఆ చోటికి వచ్చారు. కాగితం కళ్ళెదుటే ఉంది. గొంతు సవరించుకుని, స్పష్టంగా, పోయినాయన పేరే పలికారు. ముందు బెంచీలో ఉన్న నేను ఆగలేకపోయాను. “ఆయన ల్యాడు మామా, కాగితం జూడు” అన్నాను, గుడంతా వినబడేలా. పిల్లలు కిసుక్కుమన్నారు. మామ వంగి, కొత్త పేరును అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివారు. ఇప్పుడు ఆలోచిస్తే, నా మనసు మీద నాకున్న చిరాకంతా ఆ రోజు ఆయన మీద పడిందని తెలుస్తోంది. నాకు సిగ్గుగా ఉంది.

మరుసటి ఆదివారం పుస్తకం నా చేతిలో పెట్టారు. కళ్ళు సరిగా ఆనడం లేదు, ఇక నువ్వే చదవమన్నారు. నమ్మాను. నాలుగు రోజుల తరువాత వాళ్ళింటి అరుగు మీద, తన భార్య లూర్దమ్మత్తకు మందుల చీటీలోని సన్నక్షరాలు అద్దాలు లేకుండా చదివి వినిపిస్తున్నారు. నన్ను చూసి చీటీ మడిచారు. ఇద్దరం వానల గురించి మాట్లాడుకున్నాం.

ఆసుపత్రిలో చేర్చాక ఒకసారి ధైర్యం చేసి, ఆ ఆదివారం సంగతి ఎత్తాను. ఆయన నా వైపు తిరగలేదు.

“ఇరవై ఆరేండ్లు ఒగే పేరు పలికిన నోరప్పా ఇది. దానికి కబురు అందల్లంటే టైం పడ్తాది” అన్నారు.

క్షమించు మామా అనాలి అప్పుడు. మాత్రల వేళయిందని లేచి, గ్లాసులో నీళ్ళు పోశాను.

ఆయన్ని మట్టికి అప్పగించిన తరువాతి ఆదివారం ప్రార్థన నేనే నడిపాను. జగద్గురువుల పేరు తడబడకుండా వచ్చింది, బిషప్పు గారి పేరూ వచ్చింది. తరువాత రోగుల కోసం ప్రార్థన. మూడు నెలలుగా ప్రతి ఆదివారం పలికిన వరుసలోనే, శౌరప్పకు స్వస్థత దయచేయమని వేడుకున్నాను. పలికాక తెలిసింది.  ఎవరో ఒకరు దిద్దుతారని తల వంచుకుని నిలబడ్డాను.

ముందు బెంచీలోంచి లూర్దమ్మత్త, ప్రతి వారం పలికే గొంతుతోనే, “ప్రభువా, మా మొర ఆలకించండి” అంది. ఆమె వెనుక గుడంతా అంది.

మామా, ఆ రోజు నేనూ అంతే చేసి ఉండవలసింది.