చాచా పీకేసిన నారు

శుక్రవారం పొద్దున చాచా పోయారని మా ఆయన ఫోన్ చేసి చెప్పారు. నేను పెరట్లో విత్తన వడ్లు కడుగుతున్నాను. "సరే" అని ఫోన్ పెట్టేసి మిగతా వడ్లు కూడా కడిగాను. అప్పుడేమీ అనిపించలేదు. ఇది రాస్తున్న ఈ రోజుకీ పెద్దగా ఏమీ అనిపించడం లేదు.

చాచా మాకు చుట్టం కాదు. రావల్కోల్‌లో మా గట్టు అవతలి పొలం ఆయనది. నేను కోడలిగా వచ్చిన నాటి నుంచి నన్ను "బిడ్డా" అనే పిలిచారు. ఊళ్ళో చాలామంది ఆయన దగ్గరే విత్తనం తీసుకునేవారు. ఆయన ఒక గింజను కొరికి, బాగా ఎండిన చప్పుడు విన్నాకే సంచి మూతి కట్టేవారు.

ఒక వానాకాలం మేమూ తీసుకున్నాం. నారుమడిలో కొన్ని మొక్కలు తక్కినవాటికంటే ఎత్తుగా, సన్నగా, పాలిపోయి లేచాయి. నారు బలంగా ఉందని మురిసిపోయి చాచాను పిలిచి చూపించాను. ఆయన ఒక మొక్క పీకి, మొదలు చూసి, గట్టు మీద కూర్చుండిపోయారు.

"గిది బలం గాదు బిడ్డా, బూజు రోగం. నా ఇత్తనంలకెల్లే వచ్చింది."

"గింజలు మంచిగనే ఉండె గద చాచా?"

"పైకి మంచిగనే ఉంటయి. పోయినేడు నా పొలంల గిసొంటియే నాలుగు మొక్కలు ఎండినయి. నాలుగే గదా అని ఇడిసిపెట్టిన. వాటి మీది బూజు గాలికి లేసి పక్క మొక్కల పూతల వడ్డది. పూతకెల్లి గింజలకు, గింజలకెల్లి నీ మడికి."

రెండు రోజులు ఆయనే వంగి ఆ మొక్కలన్నీ ఏరి పీకి, కాల్చేశారు. తర్వాత తన విత్తనం పోసిన ఇళ్ళన్నిటికీ మోపెడ్ మీద వెళ్ళి చెప్పి వచ్చారు. ఒకాయన చాయ్ హోటల్ ముందు అందరిలో తిట్టాడట. చాచా తలవంచుకుని విన్నారట.

"నువ్వు జెప్పకుంటె ఎవ్వరికి ఎర్కయితుండె? ఎందుకు జెప్పినవ్ చాచా?" అని అడిగాను.

"నాట్లు వడ్డంక ఎర్కయితె ఏం జేస్తరు బిడ్డా? ఇప్పుడైతె పీకుతరు."

ఆ తర్వాత రెండేళ్ళు ఎవరూ ఆయన్ని విత్తనం అడగలేదు. ఆయన మాత్రం పూతకు ముందు రోజూ పొలమంతా తిరిగి, అనుమానం వచ్చిన మొక్కనల్లా పీకేవారు. ఉప్పునీళ్ళలో తేలిన గింజలు పారబోయడం, మునిగినవి బాగా కడిగి మందునీళ్ళలో నానబెట్టడం నాకు నేర్పింది ఆయనే. "తేలిన గింజ మీద పాణం వెట్టుకోకు" అనేవారు.

మూడో ఏడు నేనే వెళ్ళి అడిగాను. నాకు తెలియనట్టు ఆ రోగం సంగతంతా మొదటి నుంచి చెప్పారు. "గిదంత ఇన్నంక గూడ గావాల్నంటె తీస్కపో" అన్నారు. తీసుకొచ్చాను. నారు సమంగా మొలిచింది.

ఆ శుక్రవారం మధ్యాహ్నం నమాజు తర్వాత మగవాళ్ళు ఆయన్ని మోసుకెళ్ళారు. నేను వాళ్ళింటి నుంచి పొలాల మీదుగా మా ఇంటికి బయలుదేరాను. కరెంటు వచ్చినట్టుంది, ఆయన బోరు దానంతట అదే నడుస్తోంది. నాలుగు రోజుల కిందట ఆయన చల్లిన మడి నిండిపోయింది. నీళ్ళు గట్టు దాటి, దారి మీదికి వచ్చి, నా చెప్పుల కిందుగా పోతున్నాయి. మోటారు డబ్బాకు తాళం వేసి ఉంది. తాళంచెవి ఎక్కడ పెడతావని నేనెప్పుడూ ఆయన్ని అడగలేదు.